గుర్రం చదివింది లెక్కలు కాదు

న్యూజెర్సీలో రాత్రి తొమ్మిదిన్నర. నరసరావుపేటలో పొద్దున ఏడు. ఫోన్‌లో తల్లి అడుగుతుంది, ‘‘తిన్నావా?’’ అని. ‘‘ఆఁ, తిన్నాలే’’ అంటాడు కొడుకు. ఒక్క క్షణం ఆగి ఆవిడ, ‘‘ఏమయిందిరా?’’ అంటుంది.

వీడియో కాల్ కూడా కాదు. మొహం కనపడలేదు. ఇళ్లలో దీన్ని తల్లి మనసు అంటారు, అక్కడితో వదిలేస్తారు. మాటను కాస్త దగ్గరగా పట్టుకుని చూస్తే ఇందులో మహిమ ఏమీ లేదు. ‘తిన్నాను’ అంటే జవాబు. ‘తిన్నాలే’ అంటే, ఇక ఆ సంగతి వదిలెయ్ అని. ఆ ఒక్క ‘లే’ కడుపు గురించి కాక మనసు గురించి కబురు మోసుకొచ్చింది. ‘బాగున్నాను’కీ ‘బాగానే ఉన్నాను’కీ మధ్య కూడా ఇలాంటిదే ఒక ‘నే’ ఉంది. పెళ్లిచూపులయ్యాక ‘అబ్బాయి ఎలా ఉన్నాడు’ అని అడిగితే ‘బాగానే ఉన్నాడు’ అని వచ్చిందంటే ఆ సంబంధం సగం తప్పిపోయినట్టే. ‘మీ ఇష్టం’ అన్న మాటకు చాలా ఇళ్లలో ‘నాకిష్టం లేదు’ అని అర్థం. ‘చూద్దాం’ అన్న మేనేజరు ఎన్నటికీ చూడడు.

ఇది తెలుగు మాట్లాడేవాళ్లందరికీ తెలిసిన వ్యాకరణమే. తెలిసినా అందరికీ వినపడదు.

ఇలా వినగలిగేవాళ్లను పిలవడానికి మనకు సరైన మాట ఒక్కటీ లేదు. ‘సూక్ష్మగ్రాహి’ ఉంది గాని అది నిఘంటువు దాటి బయటికి రాదు. తెలివైనవాడు వేరు, గడుసువాడు మరీ వేరు. ‘ఆయన ఇట్టే పట్టేస్తాడు’, ‘ఆవిడ కళ్లుగప్పలేం’ అని సరిపెట్టుకుంటాం. పేరు కరువైనా క్రియలకు మాత్రం కొదవ లేదు. పసిగట్టడం అంటాం. ఇక్కడ పసి అంటే వాసన, అంటే ఇది మొదట వేటకుక్క చేసే పని. కనిపెట్టడం అంటాం. ‘పిల్లాణ్ని కాస్త కనిపెట్టుకుని ఉండు’ అంటే చూపు తిప్పకుండా చూస్తూ ఉండమని. ‘భలే కనిపెట్టాడు’ అంటే దాగినదాన్ని బయటికి లాగాడని. మొదటి పని చేసినవాడికే రెండోది దక్కుతుందన్న సంగతి ఆ మాటలోనే ఇమిడి ఉన్నట్టుంది.

ఇంకోటి ఇంగితం. ‘ఇంగితం లేదా నీకు’ అని తిట్టేటప్పుడు కామన్‌సెన్స్ అన్న అర్థంలో వాడుతున్నాం. సంస్కృతంలో ఇంగితమంటే మనసులో ఉన్నదాన్ని బయటపెట్టే కదలిక: కనుబొమ్మ లేవడం, చెయ్యి ఆగడం, కూర్చున్న చోట కొద్దిగా జరగడం. ఇంగితజ్ఞానమంటే ఆ కదలికను చదవగలగడం. అర్థం పక్కకి జరిగింది గాని తిట్టు మాత్రం గురి తప్పలేదు. ఎదుటివాళ్ల మొహం చూసుకోకుండా మాట్లాడేవాడినే ఇప్పటికీ ఆ మాటతో తిడుతున్నాం.

పంచతంత్రంలోనూ హితోపదేశంలోనూ కనిపించే ఒక శ్లోకం ఈ ఇంగితం చుట్టూనే తిరుగుతుంది. నోరు తెరిచి చెప్పిన మాట పశువుకైనా తెలుస్తుంది, అదిలిస్తే గుర్రాలూ ఏనుగులూ బరువు మోస్తాయి, చెప్పని మాటను ఊహించేవాడే పండితుడు, ‘పరేంగితజ్ఞానఫలా హి బుద్ధయః’. బుద్ధి అనేది ఉన్నందుకు ఫలం ఎదుటివాడి ఇంగితం తెలియడమేనని. చెప్పింది గ్రహించేది పశువు, చెప్పనిది గ్రహించేది మనిషి. గీత నిక్కచ్చిగా గీసినట్టే ఉంది. అయితే నూట ఇరవై ఏళ్ల కిందట బెర్లిన్‌లో ఒక గుర్రం ఆ గీతను తలకిందులు చేసింది.

దాని పేరు హాన్స్. యజమాని విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్, రిటైరైన లెక్కల మాస్టారు. పిల్లలకు చెప్పినంత ఓపికగా ఆయన దానికి లెక్కలు చెప్పాడు. అయిదూ మూడూ ఎంత అంటే గుర్రం డెక్కతో ఎనిమిది సార్లు నేలను తట్టేది. కూడికలు, తీసివేతలు, భిన్నాలు, తేదీలు, గడియారంలో టైము, అన్నిటికీ డెక్కే జవాబు. వింత చూడటానికి జనం ఎగబడ్డారు. మాస్టారు ఒక్క పైసా తీసుకునేవాడు కాదు. మోసమేదైనా ఉందేమో తేల్చడానికి 1904లో ఒక సంఘం వేశారు. 13 మంది సభ్యులు. మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ స్టుంఫ్ మొదలుకొని సర్కస్ నడిపేవాళ్ల దాకా ఉన్నారందులో. గుర్రాలకు విద్యలు నేర్పి బతికే మనిషి కన్నుగప్పి ట్రిక్కు చేయడం కుదరదు కదా. వాళ్లు పట్టి పట్టి చూసి ట్రిక్కేమీ లేదని తేల్చారు. పైగా యజమాని అక్కడ లేనప్పుడు వేరేవాళ్లు అడిగినా గుర్రం సరిగ్గానే చెబుతోంది.

ట్రిక్కు లేదన్న మాట నిజమే. లెక్కలూ లేవు. ఆ సంగతి బయటపెట్టింది స్టుంఫ్ దగ్గర చదువుకున్న ఆస్కార్ ఫుంగ్‌స్ట్. అతని పరిశోధన 1907లో అచ్చయింది. అతను చేసింది పెద్ద విద్యేమీ కాదు. అడిగేవాడికే జవాబు తెలియకుండా ప్రశ్న అడిగించాడు. గుర్రానికి గంతలు కట్టి, అడిగే మనిషి దానికి కనపడకుండా చేశాడు. అడిగేవాడికి తెలియకపోతే గుర్రానికీ తెలియలేదు. అడిగేవాడు కనపడకపోతే గుర్రం తికమకపడింది. ఒక్కోసారి కరవబోయేది కూడా.

ఇక మిగిలింది ఆ మనిషిలో గుర్రం ఏం చూస్తోందన్నది. ప్రశ్న అడగ్గానే ఎవరైనా డెక్క వైపు చూడటానికి తల రవ్వంత వంచుతారు, గుర్రం తట్టడం మొదలుపెడుతుంది. లెక్క సరైన అంకె దగ్గరికి వస్తుంటే అడిగినవాడు ఊపిరి బిగబడతాడు. అంకె రాగానే ఆ బిగువు సడలి, తల పైకి లేస్తుంది. ఎంత లేస్తుందంటే పక్కనున్నవాళ్లకు కనపడనంత. గుర్రం ఆగిపోతుంది. నోటికి రొట్టె ముక్కో కారెట్టో వస్తుంది. తాను తల ఎత్తుతున్నానని మాస్టారుకే తెలియదు.

శ్లోకం ప్రకారం చెప్పిన మాట గుర్రానికి తెలియాలి, చెప్పనిది పండితుడికి తెలియాలి. ఇక్కడ గుర్రానికి చెప్పిన మాట ఒక్కటీ అర్థం కాలేదు, చెప్పనిదే అర్థమైంది. పదముగ్గురు పండితులకేమో చెప్పనిది ఒక్కటీ అందలేదు. వాళ్లది తెలివితక్కువతనం కాదు. అందరూ గుర్రం డెక్కను చూస్తున్నారు, ఎందుకంటే జవాబు అక్కడినుంచి వస్తోంది. గుర్రం మాత్రం మనుషుల్ని చూస్తోంది. గుర్రం ఎటు చూస్తోందో అటు చూసినవాడు ఫుంగ్‌స్ట్ ఒక్కడే.

మరి హాన్స్‌ను సూక్ష్మగ్రాహి అనొచ్చా? కంటి చురుకు లెక్కన దాని ముందు ఎవరూ నిలవరు. కానీ దానికి తెలిసింది తల లేచిందా లేదా అన్నదే. తల ఎందుకు లేస్తోందో తెలియదు. తప్పు అంకె దగ్గర తల లేస్తే తప్పు అంకె దగ్గరే ఆగుతుంది. ఫుంగ్‌స్ట్ అక్కడితో ఆగకుండా ఇంకో పని చేశాడు. తానే గుర్రం స్థానంలో కూర్చున్నాడు. జనాన్ని పిలిచి మనసులో ఒక అంకె అనుకోమన్నాడు, చేత్తో బల్ల మీద తడుతూ వాళ్ల తలలు చూశాడు. చాలామంది అంకెలు చెప్పేయగలిగాడు. తర్వాత అడిగే స్థానంలో తాను నిలబడినప్పుడు, సంగతంతా తెలిసి కూడా, తన తల కదలకుండా ఆపుకోలేకపోయాడు.

ఈ ఆఖరి ముక్క మిగతా కథంతటికన్నా విలువైనదని చెప్పాలి. మనుషుల్ని బాగా చదవగలనని చెప్పుకునేవాళ్లలో చాలామంది వదిలేసే లెక్క ఇదే, ఎదుటివాడి మొహంలో తాము చూస్తున్నదాంట్లో తాము పెట్టింది ఎంత అన్నది. ఇంటర్వ్యూలో కుర్రాడు తడబడుతున్నాడని గమనించిన అధికారి గొప్పగా గమనించినట్టే. ఆ తడబాటు తాను గడియారం వైపు చూసిన మరుక్షణం మొదలైందని కూడా గమనిస్తే అప్పుడు నిజంగా చూసినట్టు.

న్యూజెర్సీ ఫోన్ కాల్ ఇంకా పూర్తి కాలేదు. ‘లే’ విని కొడుక్కి కష్టమొచ్చిందని అక్కడికక్కడే ఖాయం చేసుకుంటే ఆ తల్లి కూడా హాన్స్ లాగే సంకేతాన్ని మాత్రమే పట్టినట్టు. అలసటకైనా ‘లే’ వస్తుంది. పక్కన రూమ్మేట్ ఉన్నా వస్తుంది. ‘‘ఏమయిందిరా’’కి ‘‘ఏం లేదమ్మా’’ అన్న జవాబే వస్తుందని ఆవిడకు ముందే తెలుసు. అది రాగానే రెట్టించదు. మామూలు గొంతుతో ‘‘ఏం కూర?’’ అంటుంది. తిన్నవాడు గుత్తొంకాయ అనో, నిన్నటి పప్పనో తడుముకోకుండా చెప్పేస్తాడు. తిననివాడు వెతుక్కుంటాడు. ఫుంగ్‌స్ట్ కట్టిన గంతలకీ ఈ రెండు మాటలకీ పనిలో తేడా లేదు. అనుమానం వచ్చింది, దాన్ని మనసులో పెట్టుకుని, అది తప్పయితే తప్పని తేలిపోయే ప్రశ్న ఒకటి వేసింది.

అనుమానం అన్న మాట కూడా ఇంగితంలాగే అర్థం మార్చుకున్నదే. తర్కశాస్త్రంలో అది తప్పు పని కాదు, జ్ఞానానికి ఒక దారి. కొండ మీద పొగ చూసి అక్కడ నిప్పుందని తెలుసుకోవడం అనుమానం. మంచు తెరను పొగ అనుకుని నిప్పుందనడం చెల్లని అనుమానం. వాడుక తెలుగులో ఈ రెండోదే మిగిలింది. అనుమానం మొగుడు అంటాం గాని, అనుమానం శాస్త్రవేత్త అనం. ఆ మొగుడు కూడా నిజానికి చాలా గమనిస్తాడు, ఫోన్ పక్కకి తిప్పి పెట్టడం, రెండు నిమిషాల ఆలస్యం, కొత్త చీర. గమనింపులో అతనికి వంక పెట్టలేం. అతను ఎన్నడూ వేసుకోని ప్రశ్న ఒక్కటే, ఇది పొగమంచైతే ఎలా ఉంటుంది అని.

‘కళ్లలోకి చూసి చెప్పు’ అన్న మాట కూడా ఈ జాతిదే. చూపు తప్పిస్తే అబద్ధమని నమ్మడం మన దగ్గరే కాదు. 2006లో అచ్చయిన ఒక సర్వేలో 58 దేశాల జనాన్ని అబద్ధాన్ని ఎలా పట్టుకుంటారని అడిగితే అన్నిటికన్నా ఎక్కువగా వచ్చిన జవాబు అదే. అదే ఏడు చార్లెస్ బాండ్, బెల్లా డిపౌలో అన్న పరిశోధకులు, మాటలు విని నిజమో అబద్ధమో చెప్పమన్న వందలాది ప్రయోగాల ఫలితాలను కలిపి లెక్క కట్టారు. పాల్గొన్నవాళ్లు 24 వేల పైచిలుకు. సగటున సరిగ్గా చెప్పింది 54 శాతం. బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తుంది. మన ఊళ్లలోనైతే పెద్దవాళ్ల ముందు కళ్లెత్తకపోవడం మర్యాద కూడా. మాస్టారు ముందు తల దించుకున్న పిల్లాడిలో కొందరికి భయం కనిపిస్తుంది, కొందరికి నేరం కనిపిస్తుంది. దించుకున్న తల ఒకటే.

చూపు చురుగ్గా ఉంటే చాలదనడానికి ఇంకా గట్టి సాక్ష్యం ఎక్స్‌రేలు, స్కాన్‌లు చూసే డాక్టర్ల దగ్గర దొరికింది. 2013లో ట్రాఫ్టన్ డ్రూ అన్న పరిశోధకుడి బృందం ఊపిరితిత్తుల సీటీ స్కాన్‌లలో ఒక చోట చిన్న గొరిల్లా బొమ్మ ఇరికించి, 24 మంది రేడియాలజిస్టులకు ఇచ్చింది. వాళ్ల పని కణితి చుక్కలు వెతకడం. ఆ బొమ్మ సగటు చుక్క కన్నా 48 రెట్లు పెద్దది. 20 మంది చూడలేదు. కంటి కదలికలు రికార్డు చేసి చూస్తే, బొమ్మను గమనించనివాళ్లలో ఎక్కువమంది చూపు సరిగ్గా ఆ బొమ్మ మీదే నిలిచి పోయింది. కళ్లు చూశాయి, వాళ్లు చూడలేదు. అనుభవం కంటికి పదును పెడుతుంది, నిజమే. ఆ పదును ఎటు పెట్టామో అటే కోస్తుంది.

మిరప చేలో ఈ సంగతి ఇంకా తేటగా కనిపిస్తుంది. ఆకు ముడుచుకుంటే కొత్తవాడు ‘ముడత వచ్చింది’ అంటాడు, మందుల షాపుకి పోతాడు. చేను తెలిసిన రైతు ముడత ఎటు అని చూస్తాడు. అంచులు పైకి లేచి దోనెలా ఉంటే అది పై ముడత, తామర పురుగుల పని. అంచులు కిందికి వంగి తిరగేసిన పడవలా ఉంటే కింది ముడత, తెల్లనల్లి పని. తామర పురుగుకి ఆరు కాళ్లు, నల్లి ఎనిమిది కాళ్ల సాలీడు జాతి. ఒకదానికి కొట్టే మందు రెండోదానికి చాలాసార్లు పనిచేయదు. ఈ రెండూ కాక తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ ముడత ఇంకోటి ఉంది. అది పట్టిన మొక్కకు ఏ మందూ మందు కాదు. ఆకును రెండు వేళ్ల మధ్య పట్టుకుని తిప్పి చూడటానికి పట్టేది రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లు మానేసినందుకు ఒక్కోసారి వేల రూపాయల మందు నేలపాలవుతుంది.

ఇంత తెలిసిన కళ్లనూ 2021లో కొత్త పురుగు ఒకటి ఏమార్చింది. నల్ల తామర పురుగు. మన దేశంలో మొదట 2015లో బెంగళూరులో బొప్పాయి మీద దాని ఉనికి నమోదైంది. 2021-22 పంటకాలానికి గుంటూరు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్ వైపు మిరప తోటల్ని ఊడ్చేసింది. పాత తామర పురుగును ఆకులో చూసి పట్టుకునేవాళ్లు. ఇది పూలలో చేరి కూర్చుంటుంది. ఆకు చూసి ముడత ఎటు అని లెక్క వేసుకునే అలవాటు ఇక్కడ అక్కరకు రాలేదు. కాపు నిలవకుండా పూత రాలిపోతుంటే, ఆ పూవును అరచేతిలో దులిపి చూసినవాళ్లకు నల్లగా, దారపు ముక్కల్లా కదులుతూ కనిపించింది. పురుగు దాక్కోలేదు. ఉన్నచోట ఉంది. చూసే అలవాటే వేరేచోట ఉంది. రేడియాలజిస్టులది కూడా ఇదే కథ. వాళ్లు తెల్ల చుక్క కోసం చూశారు, ఇక్కడ ఆకు ముడత కోసం చూశారు.

అందుకే గ్రహింపు అనేది ఒకసారి సంపాదించుకుంటే ఎప్పటికీ ఉండే ఆస్తి కాదు. ఒకే మనిషి చేలో అన్నీ చూసి, ఇంట్లో కూతురు పది రోజులుగా బడి సంగతులు చెప్పడం మానేసిందని చూడకపోవచ్చు. ఆఫీసులో ఎవరి మధ్య పడటం లేదో కాఫీ మెషీన్ దగ్గర పసిగట్టే మనిషి, వాట్సాప్‌లో తాను పెట్టిన ‘సరే.’ అవతలివాళ్లకు ఎంత కటువుగా తగిలిందో ఊహించకపోవచ్చు. ‘ఆయనకు గ్రహింపు ఎక్కువ’ అన్నప్పుడు దేంట్లో అని అడగడం న్యాయం. నాడి చూసి జబ్బు చెప్పే వైద్యుడు తన భార్య మొహం చూసి పదేళ్లయిన ఇళ్లు మనకు తెలియనివి కావు.

పట్టుకున్నాక ఏం చేస్తాం అన్నది ఇంకో సంగతి, దాని మీద ఎవరూ పెద్దగా మాట్లాడరు. నలుగురి మధ్య కూర్చున్న మనిషిని ‘ఏంటి, ఏడ్చావా? కళ్లు ఎర్రగా ఉన్నాయి’ అనేవాడు కళ్లను చూశాడు. మిగతా నలుగురినీ, వాళ్ల ముందు ఆ మనిషి ఎంత జాగ్రత్తగా మొహం కడుక్కుని వచ్చిందన్నదీ చూడలేదు. సగం చూసి మొత్తం బయటపెట్టేవాణ్ని జనం ‘భలే పట్టేస్తాడు’ అంటారు గాని, ఆ పక్కనే మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపి ఏమీ అననివాణ్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కనపడకపోవడమే వాడి పనితనం కాబట్టి.

ఇది బాగా చూడాలంటే పెళ్లి బంతిలో వడ్డించేవాడి వెనకాల నాలుగు ఆకులు నడవాలి. బఫేలు వచ్చాక ఈ విద్య సన్నగిల్లింది గాని ఇంకా పోలేదు. మన మొహమాటం సంగతి తెలిసిందే, కావాలన్నా ‘చాలు చాలు’ అంటాం, వద్దన్నా ‘చాలు చాలు’ అంటాం. మాటను బట్టి పోతే వడ్డన సాగదు. అతను ముందు ఆకును చూస్తాడు, ఏది మొదట ఖాళీ అయిందో. తర్వాత చెయ్యి. చెయ్యి గాల్లో ఊగుతూ నోరు ‘చాలు’ అంటుంటే గరిటె ఆగదు, ఇంకో పూర్ణం బూరె పడుతుంది. అరచెయ్యి ఆకు మీదికి అడ్డంగా వాలి, వెంట భుజం కూడా వంగిందంటే అది నిజం. అతను గరిటె వెనక్కి తీసుకుంటాడు.

బంతి చివర కూర్చున్న పెద్దాయన బూరె వద్దనలేదు. వేయించుకుని, ముక్క తుంచి, పక్కనున్న కొడుకు చూపు తగలగానే అన్నం కిందికి జరిపాడు. వడ్డించేవాడు రెండోసారి ఆ వరసలోకి వచ్చినప్పుడు బూరెల బుట్ట అటు తిప్పనే లేదు, ‘‘గడ్డ పెరుగు వెయ్యనా బాబాయ్?’’ అన్నాడు. పెద్దాయన తల ఊపాడు. పెరుగు అన్నం మీద పడేటప్పుడు, గరిటె అడ్డం ఉన్న ఆ కాస్త సేపట్లో, బూరె ముక్క నోట్లోకి వెళ్లిపోయింది. అప్పటికే అతను పక్క ఆకు దగ్గరికి జరిగాడు.